చవితినాటి స్లైడ్లు

నేను ఉద్యోగం నుంచి దిగిపోయిన రోజున మా ల్యాబ్ పిల్లలు నాకొక పటం కట్టించి ఇచ్చారు. దేవుడి పటం కాదు. నేను రాసిన వ్యాసాల్లో నలుగురికీ తెలిసిన ఒకే ఒక్క వ్యాసంలోని బొమ్మ. గుండ్రాలూ చతురస్రాలూ గీతలతో కలిపి గీసిన ఒక కుటుంబం. ఆడవాళ్ళకి గుండ్రం, మగవాళ్ళకి చతురస్రం వేస్తాం. మేం వెతుకుతున్న లక్షణం ఉన్నవాళ్ళని నల్లగా నింపుతాం, లేనివాళ్ళని తెల్లగా వదిలేస్తాం. ఆ బొమ్మలో రెండో వరుసలో ఒక నల్ల చతురస్రం ఉంది. దాని పక్కన చిన్న నక్షత్రం గుర్తు. ఆ గుర్తుకి అడుగున వివరణ: ప్లీహం తొలగించబడినది.

పిల్లలు ప్రేమగా ఇచ్చారు. నేనూ నవ్వుతూనే పుచ్చుకున్నాను. ఇంటికి తెచ్చాక మాత్రం దాన్ని గోడకి కొట్టలేదు. అమలాపురంలో మా ఇంటి బీరువా వెనక, గోడ వైపు తిప్పి ఉంది. ఎందుకని మీరు అడుగుతారు. అడగాలి కూడా. మీకు అది ఒక గుర్తు, నాకు మాత్రం ఒక మనిషి. ఆ నక్షత్రం పెట్టింది నేనే, అది పెట్టాల్సిన అవసరం వచ్చిందీ నా వల్లనే. ఈ మాట పరిశోధనలోకి కొత్తగా వస్తున్న మీలాంటి పిల్లలకి చెప్పకుండా నా ఉద్యోగం ముగిసినట్టు కాదు.

డెంగ్యూ పుణ్యమా అని ఇప్పుడు ప్లేట్‌లెట్ల పేరు వినని ఇల్లు లేదు. ఎన్ని ఉన్నాయి, ఎన్ని పడిపోయాయి, బొప్పాయి ఆకు రసం తాగించారా అని ఆటోస్టాండులో కూడా చర్చలు జరుగుతాయి. ఎన్ని అని అడిగేవాళ్ళే గాని, అవి ఎక్కడ పుడతాయని అడిగేవాళ్ళు కనపడరు. నేను ముప్పై ఏళ్ళు ఆ రెండో ప్రశ్న పట్టుకుని బతికాను. హైదరాబాదులో ఒక పరిశోధన సంస్థలో, ఎముకల్లోని మూలుగ ముందు పెట్టుకుని.

మూలుగలో ఒక పెద్ద కణం ఉంటుంది. మేం దాన్ని తల్లికణం అనేవాళ్ళం. అది పండాక ఒంట్లోంచి పొడుగాటి పోగులు సాగదీసి, పక్కనున్న రక్తనాళంలోకి చాపుతుంది. రక్తం పారే వేగానికి ఆ పోగులు ముక్కలుగా తెగిపోతాయి. ఆ ముక్కలే ప్లేట్‌లెట్లు. ఎక్కడైనా గాయమైతే వెళ్ళి అంటుకుని రక్తం ఆపేవి అవే. మొత్తం తెగి పంచిపెట్టాక తల్లికణం మిగలదు. నేను చదువుకున్న రోజుల్లో దీన్ని కొందరు నమ్మేవారు, కొందరు నమ్మేవారు కారు. ఆ పోగులు సరిగా సాగని మనుషులు ఎవరైనా దొరికితే, సాగడం అంటే ఏమిటో తేలుతుందని మాకొక ఆశ. అలాంటివాళ్ళ కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూశాం. వాళ్ళు దొరికింది మా ఊరికి గంట ప్రయాణంలో, రాజోలు దగ్గర ఒక పల్లెలో.

దొరకబుచ్చింది నేను కాదు. అమలాపురం బస్టాండు వెనక సందులో రక్తపరీక్షల ల్యాబ్ నడిపే ఒక పెద్దమనిషి. నాకన్నా ఆరేడేళ్ళు పెద్ద. అన్నగారూ అనే పిలిచేదాన్ని. ఊళ్ళో అన్ని ల్యాబుల్లాగే ఆయన దగ్గరా లెక్కపెట్టే మిషను ఉంది. కానీ ఆయన అంతటితో ఊరుకునేవాడు కాదు. వచ్చిన ప్రతి రక్తంలోంచీ ఒక చుక్క తీసి గాజుపలక మీద పూసి, రంగు వేసి, మైక్రోస్కోపులో తన కంటితో చూసేవాడు. ఆ స్లైడు అంచున వజ్రపు ములికి ఉన్న పెన్సిలుతో తేదీ చెక్కేవాడు, సిరా అయితే చెరిగిపోతుందని. తోటి ల్యాబులవాళ్ళు ఆయన్ని చూసి నవ్వుకునేవారు. "మిషను లెక్కెడుతుందండీ, చూడదు కదండీ" అనేవాడు ఆయన.

ఒక వినాయకచవితికి నేను అమ్మగారింటికి వచ్చాను. అన్నగారు కబురు పెట్టాడు. రాజోలు వైపునుంచి పాతికేళ్ళ యువకుడొకడు గల్ఫు వెళ్ళడానికి సిద్ధమయ్యాడట, డ్రైవరు ఉద్యోగం. ప్రయాణానికి ముందు చేసే వైద్యపరీక్షలో ప్లేట్‌లెట్లు బాగా తక్కువని వచ్చింది, ఉద్యోగానికి పనికిరాడని తిప్పి పంపారు. ఒంటిలోని రక్షణశక్తే ప్లేట్‌లెట్లని తినేస్తోందేమోనని ఒక డాక్టరు స్టెరాయిడ్ మాత్రలు రాశాడు. ఎన్ని వాడినా సంఖ్య కదల్లేదు. కానీ ఆ యువకుడి రక్తం స్లైడు మీద చూస్తే ప్లేట్‌లెట్లు ఒక్కోటి ఎర్రకణమంత ఉన్నాయట. మిషను వాటి సైజు చూసి ఎర్రకణాల కిందకి నెట్టేసి, ప్లేట్‌లెట్లు తక్కువని చెబుతోందని అన్నగారి అనుమానం.

పండగపూటే ఇద్దరం వాళ్ళింటికి వెళ్ళాం. తండ్రి లేడు. తల్లి, ఆ యువకుడు, పెళ్ళికెదిగిన చెల్లెలు. ఆవిడ వంటింటి గడపలో కూర్చుని పాలతాలికలకి పిండి పాముతోంది. చేత్తో పోగులు సాగదీసి, వేళ్ళతో తుంపి పళ్ళెంలో వేస్తోంది. నేను వైద్యురాలిని కానని రెండుసార్లు చెప్పాను. ఆవిడ వినిపించుకోలేదు, డాక్టరమ్మగారూ అనే పిలిచింది. మీ అబ్బాయి ఒంట్లో ఏం జరుగుతోందో చెప్పడానికి నాకు వేరే ఉపమానం వెతుక్కోవలసిన పని లేకపోయింది. ఆవిడ చేతిలోని పిండినే చూపించాను. ఒంట్లో కూడా ఇలాగే పోగు సాగాలి, సన్నగా తెగాలి. మీ వాళ్ళకి సరిగా సాగక లావు ముక్కలుగా తెగుతున్నాయేమోనని చూస్తున్నాం అన్నాను.

ఆవిడ పళ్ళెంలోకి చూసింది. "అంటే మా ఇంట్లో తాలికలు లావండీ. తక్కువేం కాదు."

"అదే అయ్యుండొచ్చండీ. చూడాలి."

ముగ్గురి దగ్గరా రక్తం తీసుకున్నాం. అంతకుముందు సంతకాల కాగితం చదివి వినిపించాను. ఇంగ్లీషు కాగితాన్ని తెలుగులోకి మార్చింది నేనే, అందుకు మా సంస్థలో నన్ను మెచ్చుకున్నారు కూడా. అందులో ఏడో వాక్యం ఇలా ఉండేది: పరిశోధన ఫలితములు వ్యక్తిగతముగా తెలియజేయబడవు. తల్లికి ఆ వాక్యం అర్థం కాలేదు. ఫలితం మాకు చెబుతారాండీ అని మామూలుగా అడిగింది. నేనూ మామూలుగానే, "ఆయ్, తేలగానే చెబుతానండీ" అన్నాను. చేతిలో కాగితం ఒకటి చెబుతోంది, నోరు ఇంకొకటి చెప్పింది. ఆ తేడా ఆ పూట నాకు తట్టనైనా తట్టలేదు.

ఆ సాయంత్రం అన్నగారి ల్యాబులో మూడు స్లైడ్లూ చూశాం. యువకుడికి ఎలా ఉన్నాయో తల్లికీ అలాగే ఉన్నాయి. చెల్లెలికీ అలాగే. చేత్తో లెక్కపెడితే సంఖ్య మరీ అంత తక్కువేమీ కాదు. మందుబిళ్ళ ఎరగని తల్లికీ చెల్లెలికీ కూడా అలాగే ఉన్నాయంటే ఇది జబ్బు కాదు, పుట్టుక. తల్లి ఇద్దరు బిడ్డల్ని కంది, పొలంలో కొడవలికి తెగిన గాయాలన్నీ మానాయి, ఏ రక్తమూ ఆగకుండా పోలేదు. ఆ సాయంత్రం నాకు తెలియనిది ఒక్కటే, ఏ జన్యువు వల్ల అని. ఆ కుటుంబానికి తెలియవలసినదంతా ఆ మూడు గాజుపలకల మీద ఉంది.

అన్నగారు స్లైడ్ల మీద తేదీ చెక్కుతూ అడిగాడు. "చెప్పేద్దామాండీ? ఆ మాత్రలు ఆపేస్తాడు కదండీ."

నేను ఆగమన్నాను. హైదరాబాదులో తేల్చాలి, నేను చెప్పేదాకా మీరు ఎవరితోనూ అనొద్దు అన్నాను. ఆయన సరేనన్నాడు. ఆయనకి నా చదువంటే గౌరవం. ఆ గౌరవాన్ని నేను వాడుకున్న తీరు ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంటుంది.

ఇక్కడ మా పెద్దసారు గురించి చెప్పాలి, లేకపోతే నేరమంతా ఆయన మీదకి తోసినట్టవుతుంది. మా విభాగానికి అధిపతి. మంచి మనిషి, చాదస్తం మనిషి. ఒక్కసారి చూసింది చూసినట్టు కాదమ్మా, రెండోసారి కూడా అదే కనపడాలి అనేవారు. నమూనాల మీద పేర్లు ఉండకూడదు, అంకెలే ఉండాలనేది ఆయన పెట్టిన కట్టుబాటే. అది న్యాయమైన కట్టుబాటు. మనిషి ఎవరో తెలిస్తే కన్ను మొగ్గు చూపుతుంది. కాబట్టి తల్లి ఒకటి, కొడుకు రెండు, కూతురు మూడు అయ్యారు. నెల తిరిగేసరికి నాకు కూడా వాళ్ళు అంకెలే అయిపోయారు. రెండో నంబరు పోగులు ఎలా సాగుతున్నాయి, మూడో నంబరు ఎక్కడ తెగుతోంది అని మాట్లాడుకునేవాళ్ళం. తల్లికణాలని గిన్నెలో పెంచి, అవి చేతులు చాపబోయి మధ్యలో ఆగిపోవడం కళ్ళారా చూశాం. నా ఉద్యోగం మొత్తంలో నేను అంత ఆనందపడిన రోజులు లేవు. ఆ మాట దాచితే ఈ రాసేదంతా అబద్ధమవుతుంది.

విదేశాల్లో ఒక ల్యాబు కూడా ఇదే పని మీద ఉందని మాకు తెలుసు. మాకంటే ముందు వాళ్ళు ప్రకటిస్తారేమోనని నాకు నిద్ర పట్టేది కాదు. అన్నగారు రెండుసార్లు ఫోను చేశాడు. మొదటిసారి, ఆ అబ్బాయి వచ్చి అడిగాడండీ, ఏం చెప్పమంటారు అన్నాడు. ఇంకా తేలలేదు అన్నాను. రెండోసారి, ఎవరో పెద్ద డాక్టరు, ప్లేట్‌లెట్లని పట్టి తినేసే ప్లీహాన్ని తీసేస్తే సంఖ్య పెరుగుతుందన్నారట, నాలుగు నెలల్లో సంఖ్య పెరిగితే వీసా నిలుస్తుందని ఏజెంటు అన్నాడట, ఆపరేషను మాట అనుకుంటున్నారటండీ అన్నాడు. ఇంకొక్క నెల ఆగమనండి అన్నాను. ఎందుకు ఆగాలో చెప్పలేదు. ఆగకపోతే ఏమవుతుందో అడగలేదు. నా గిన్నెల్లో కణాలు సరిగ్గా ఆ వారమే పండుతున్నాయి.

నిజం ఏమిటంటే, పెద్దసారు ఎవరికీ చెప్పొద్దని నాతో అనలేదు. నేను ఆయన్ని అడగనే లేదు. అడిగితే చెప్పమంటారేమో, చెబితే ఆ డాక్టరు తన పేరుతో ఎక్కడైనా రాసేస్తాడేమో అని భయపడ్డాను. జాగ్రత్త అనే మంచిమాట వెనకాల నేను దాక్కున్నాను. మీరు కూడా ఒకరోజు దాక్కుంటారు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

సంక్రాంతి దాటాక, మరోసారి రక్తం కావలసి వాళ్ళింటికి ఫోను చేశాను. తల్లి ఎత్తింది. "మావోడు మంచంమీదున్నాడండీ. కార్తీకమాసంలో ఆపరేషను చేయించేమండీ. తీసేసేరండీ" అంది. వేరే ఊళ్ళో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారట. అన్నగారికి చెప్పకుండానే వెళ్ళారు, ఆయన దగ్గర జవాబు దొరకలేదు కనక. ఆపరేషనులో రక్తం ఎక్కువ పోయింది, రెండు నెలలైనా పుండు పూర్తిగా మానలేదు. ప్లేట్‌లెట్ల సంఖ్య కాస్త పెరిగిందిగాని గల్ఫు పరీక్షకి సరిపోయేంత పెరగలేదు. వీసా పోయింది.

ప్లీహం లేని మనిషి బతకలేడని కాదు. కానీ కొన్ని రకాల జ్వరాలు అతన్ని గంటల్లో తీసుకుపోగలవు. జీవితాంతం ప్రతి జ్వరానికీ ఆసుపత్రికి పరుగెత్తాలి. టీకాలు వేయించాలి. ఆ టీకాల పేర్లు రాసి అన్నగారికి పంపించాను, దగ్గరుండి వేయించమన్నాను. అంతవరకు చేశాను. అసలు మాట మాత్రం అప్పుడూ చెప్పలేదు. అక్కరలేని ఆపరేషను జరిగిందని ఏ నోటితో చెబుతాను? ఇప్పుడు చెప్పి ప్రయోజనం ఏమిటి, బాధ తప్ప, అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. వ్యాసం పూర్తిచేశాను. బొమ్మలో రెండో నంబరు పక్కన నక్షత్రం పెట్టాను. తొలగించబడినది అని రాశాను. ఎవరు తీశారో, ఎందుకు తీశారో, ఎవరు ఆపగలిగేవారో అడగాల్సిన పని లేకుండా రాయడం మాకు బాగా నేర్పుతారు.

ఏడాదిన్నర గడిచింది. మురమళ్ళ గుళ్ళో స్వామివారికి కల్యాణం చేయించాక చెల్లెలికి మంచి సంబంధం కుదిరిందనీ, పెళ్ళయిందనీ అన్నగారే చెప్పాడు. ఆమె అన్న సఖినేటిపల్లి రేవు దగ్గర, గోదావరి దాటించే పంటు దిగినవాళ్ళని ఎక్కించుకునే ఆటో నడుపుతున్నాడు. ఒకరోజు ఉదయం అన్నగారు ఫోను చేశాడు.

ఆ చెల్లెలు నాలుగోనెల గర్భిణి. అమలాపురం ఆసుపత్రిలో పరీక్ష చేస్తే ప్లేట్‌లెట్లు తక్కువని వచ్చింది. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని డాక్టరు అడిగాడు. తల్లి నమ్మకంగా కొడుకు ఆపరేషను కాగితాలు తెచ్చి ముందు పెట్టింది. రక్షణశక్తి తిరగబడే జబ్బు, ప్లీహం తీసివేత అని అందులో ఉంది. డాక్టరు అదే జబ్బు అనుకుని అవే మాత్రలు రాశాడు. ఆరువారాలకి ఆమె మొహం ఉబ్బిపోయింది, షుగరు పెరిగింది, సంఖ్య కదల్లేదు. నెలలు నిండితే ఆపరేషను కష్టం, ఇప్పుడే ప్లీహం తీసేస్తే ప్రసవంలో ప్రమాదం ఉండదని తేల్చారు. వచ్చే సోమవారం.

"అన్న కాగితమే చెల్లెలికి పెట్టేరండీ" అన్నాడు ఆయన. "ఇంక నేను ఊరుకోనండీ. మీరు రాకపోతే నేనే వెళ్ళి చెప్పేస్తానండీ." ఇన్నేళ్ళలో ఆయన నాతో అలా మాట్లాడింది అదొక్కసారే.

పెద్దసారు దగ్గరికి వెళ్ళాను. రాతపూర్వకంగా ఇవ్వాలంటే కమిటీ అనుమతి కావాలి, నెల పడుతుందన్నారు. నాకు నాలుగు రోజులే ఉన్నాయి. సెలవు కాగితం ఆయన బల్ల మీద పెట్టి, చవితినాడు అన్నగారి దగ్గర్నుంచి తెచ్చుకున్న మూడు స్లైడ్లు అరలోంచి తీసి సంచీలో వేసుకున్నాను. అవి చూపించాల్సిన అవసరం రాకూడదని ప్రయాణమంతా కోరుకున్నాను. ఇప్పటి స్లైడు ఒక్కటి చూపిస్తే చాలు, డాక్టరు ఒప్పుకుంటాడు, పాత సంగతి తవ్వక్కర్లేదు అని లెక్కలు వేసుకున్నాను. అంత దూరం వెళ్తూ కూడా మనసు తనకో తప్పుకునే దారి వెతుక్కుంది.

మర్నాడు పొద్దున్న అమలాపురంలో దిగాను. అన్నగారు తన మైక్రోస్కోపుని తువ్వాలులో చుట్టి, పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని ఆటోలో కూర్చున్నాడు. ఆసుపత్రి వరండాలో తల్లి, కొడుకు, కూతురు బెంచీ మీద ఉన్నారు. తల్లి నన్ను చూసి లేచి నిలబడింది. డాక్టరమ్మగారొచ్చేరు, ఇంక భయం లేదు అని కూతురితో అంది. నేను డాక్టరు గదివైపు నడిచాను.

డాక్టరు నలభై ఏళ్ళ మనిషి, నెమ్మదైనవాడు. మా మాట విని ముగ్గుర్నీ కూడా లోపలికి రమ్మన్నాడు. అన్నగారు బల్ల మీద మైక్రోస్కోపు పెట్టి, ఆమె రక్తం స్లైడు అమర్చాడు. డాక్టరు చాలాసేపు చూశాడు.

"పెద్దవే ఉన్నాయండి" అన్నాడు. "కానీ ఆ జబ్బులో కూడా కొన్ని పెద్దవి కనిపిస్తాయి. మందులు కూడా వాడుతోంది. ఈ ఒక్కటీ చూసి నేను ఆపరేషను ఆపలేనండి. రేపు ప్రసవంలో ఏమైనా అయితే?"

ఆయన అన్నది సరైన మాట. ఆయన స్థానంలో నేనున్నా అదే అంటాను. అన్నగారు నావైపు చూడకుండా కిటికీ వైపు చూస్తున్నాడు. నా సంచీలో ఏముందో ఆయనకి తెలుసు. ఆ పిల్ల రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని, ఉబ్బిన మొహంతో నన్నే చూస్తోంది. నేను సంచీ తెరిచి మూడు స్లైడ్లూ బల్ల మీద పెట్టాను. ఇది తల్లిది, ఇది అన్నయ్యది, ఇది ఈమెది. ఈమె అప్పటికి ఒక్క మాత్ర కూడా మింగలేదు అని చెప్పాను.

డాక్టరు ఒక్కొక్కటీ చూశాడు. మూడోది చూసి తల ఎత్తి, స్లైడు వెలుతురుకి పట్టుకుని అంచున చెక్కిన తేదీ పైకి చదివాడు. ఇది మీకు అప్పటినుంచీ తెలుసాండి అని అడిగాడు. గద్దింపు లేదు, ఆశ్చర్యం మాత్రమే.

నేను జవాబు చెప్పేలోపు వెనకనుంచి ఆమె అన్న అందుకున్నాడు. "చవితి కదండీ అది. మా ఇంటికొచ్చిన రోజు." ఒక అడుగు ముందుకి వేశాడు. "ఆ రోజే తెలిసిందాండీ?"

వెనక్కి తిరిగాను. "ఆయ్. ఆ సాయంత్రమే తెలిసింది బాబూ."

"నా ఆపరేషను కార్తీకమాసంలోనండీ."

"తెలుసు."

"ఒక్క ఫోను చేస్తే ఆగిపోదునండీ నేను."

"ఆగిపోయేవాడివి. నేను చెయ్యలేదు."

అతను అరవలేదు. అరిచినా తిట్టినా నాకు తేలికగా ఉండేది. చొక్కా మీదనుంచే ఎడమపక్క డొక్క మీద, కుట్లు పడిన చోట చెయ్యి వేసుకున్నాడు, అంతే. తల్లి అతని మొహంలోకి, నా మొహంలోకి మార్చి మార్చి చూసింది. ఆవిడకి అర్థమవడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక కొంగు నోటికడ్డం పెట్టుకుని పక్కనున్న కుర్చీలో కూలబడింది. నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. ఆ గదిలో ఏడ్చే హక్కు నాకు లేదనిపించి ఆపుకున్నాను.

డాక్టరు, ఇదంతా కాగితం మీద రాసి ఇస్తే ఆపరేషను రద్దు చేస్తాను అన్నాడు. సంస్థ పేరున్న కాగితం నా దగ్గర లేదు. ఆసుపత్రివాళ్ళ తెల్లకాగితం తీసుకుని రాశాను. ముగ్గురికీ పుట్టుకతో ఉన్న లక్షణమనీ, ప్లీహం తీయడం వల్ల లాభం లేదనీ, మిషను లెక్కని నమ్మకుండా కంటితో చూడాలనీ, పుట్టే బిడ్డకి కూడా ఉండవచ్చు కనక ప్రసవంలో జాగ్రత్త అవసరమనీ రాశాను. అడుగున, ఈ సంగతి నాకు తెలిసిన తేదీ ఫలానా అని చవితి తేదీ వేశాను. దాని కింద సంతకం చేశాను.

డాక్టరు చదివి, కాగితం అతని చేతికిచ్చాడు. అతను మొత్తం చదివాడు. అడుగున తేదీ దగ్గర చాలాసేపు ఆగాడు. తర్వాత నాలుగు మడతలు పెట్టి చెల్లెలి చేతిలో పెట్టి, దీన్ని పారెయ్యకు, మన కాగితం ఇదీ అన్నాడు. నావైపు తిరిగాడు.

"నాకేం చెప్పకండీ ఇప్పుడు. చెల్లి సంగతి చూడండి ముందు."

నేను ఆ పిల్ల సంగతే చూశాను. మాత్రలు ఒక్కసారిగా కాకుండా కొద్దికొద్దిగా తగ్గించి మానిపించారు. సోమవారం ఏ ఆపరేషనూ జరగలేదు. హైదరాబాదు వెళ్ళాక, అనుమతి లేకుండా పరిశోధన ఫలితం బయటపెట్టినందుకు సంజాయిషీ అడుగుతూ నాకొక కాగితం వచ్చింది. నా సర్వీసులో వచ్చిన ప్రశంసాపత్రాలు ఎక్కడున్నాయో నాకు తెలియదు గాని, ఆ కాగితం మాత్రం భద్రంగా ఉంది. పెద్దసారు నన్ను గదిలోకి పిలిచి తలుపేసి, చవితినాడే నాకెందుకు చెప్పలేదమ్మా అని అడిగారు. ఆ తర్వాత ఇద్దరం కూర్చుని ఏడో వాక్యం కొట్టేశాం. వైద్యం మార్చగల సంగతి ఏది తెలిసినా వెంటనే ఆ మనిషికి చెబుతాం అని రాశాం. దాన్ని తెలుగులో నేనే రాశాను, ఈసారి తల్లికి అర్థమయ్యే తెలుగులో.

ఆ అబ్బాయి జ్వరం వస్తే నాకు ఫోను చేస్తాడు. ఇప్పటికీ. పలకరింపులు ఉండవు. "నూటొకటి ఉందండీ" అంటాడు. ఏ ఆసుపత్రికి వెళ్ళాలో, లోపలికి వెళ్ళగానే ఏం చెప్పాలో నేను చెబుతాను. పెట్టేస్తాడు. క్షమించాడా అని మీరు అడగకండి, నేనూ అడగలేదు.

చెల్లెలికి నెలలు నిండాక, జ్వరం లేకుండా అతను ఫోను చేసింది ఒక్కసారి. "పాప పుట్టిందండీ. ఇద్దరూ బాగున్నారండీ." ఆ వెంటనే, "మీరొచ్చి చూడాలండీ. చూసిన రోజే చెప్పాలండీ" అన్నాడు.

వెళ్ళాను. మధ్యాహ్నం ఆసుపత్రినుంచి పాప రక్తం చుక్క తీసుకుని అతనే తన ఆటోలో అన్నగారి ల్యాబుకి తెచ్చాడు, వెనక సీట్లో తల్లితో సహా. అన్నగారు స్లైడు పూసి, ఆరబెట్టి, రంగు వేశాడు. తేదీ కూడా చెక్కండి బాబాయిగారూ అని అతను గుర్తుచేశాడు. అన్నగారు కళ్ళజోడు సర్దుకుని నెమ్మదిగా చెక్కాడు. నేను మైక్రోస్కోపు మీదకి వంగాను. ఊదారంగు ముక్కలు, పెద్దపెద్దవి, ఎర్రకణాల పక్కన వాటికి తీసిపోకుండా.

తల్లి గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. "మన తాలికలేనాండీ?" అని అడిగింది.

"ఆయ్. మన తాలికలేనండీ" అన్నాను, కన్ను ఎత్తకుండానే. నా పరిశోధన నోటుబుక్కు ఆ తర్వాతే తీశాను.